కోటలో ఉయ్యాల ఉద్యోగం

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరికీ అన్నీ తెలుసు. పైడమ్మకి మాత్రం పసిపిల్లల్ని నిద్రపుచ్చడం ఒక్కటే తెలుసు.

అమ్మానాన్న పోయాక పైడమ్మ అన్న ఇంట్లో ఉండేది. వదిన మంచిదే, అన్నం పెట్టేది. పెట్టినట్టు ఊరంతా చెప్పి వచ్చేది, అంతే.

అప్పుడు కోటలో బాబుకి ఉయ్యాల ఊపే మనిషి కావాలని దండోరా వేశారు. ఆ పని దొరికితే తన కూడు తాను తినొచ్చని పైడమ్మ ఆశ.

"పట్టుచీర కట్టుకెళ్ళవే" అంది వదిన, తన చీర పెట్టెకి తాళం వేస్తూ.

"మోచేతిదాకా గాజులేసుకో" అంది గాజులమ్మే సుబ్బులు.

"కిర్రుచెప్పులు తొడుక్కో. నువ్వొస్తున్నట్టు కోటంతా తెలియాలి" అన్నాడు కరణం. ఆయనొస్తుంటే మూడు వీధులకి తెలుస్తుంది మరి.

పైడమ్మ అందరికీ తలూపింది. ఆ తర్వాత కోట బట్టలుతికే ముత్యాలు దగ్గరికెళ్ళింది.

"అత్తా, బాబు ఎలాంటివాడు?"

"చీమ తుమ్మినా లేస్తాడే. రాణిగారికి కంటిమీద కునుకు లేదు."

మర్నాడు పైడమ్మ ఉతికి మెత్తబడ్డ నూలుచీర కట్టింది. గాజులు తీసేసింది. ఉత్త కాళ్ళతో బయల్దేరింది.

"ఉద్యోగానికా, ఊడ్పులకా?" అని వీధంతా నవ్వింది.

కోటలో బాబు అప్పుడే నిద్రపోయాడు. ముందు కరణంగారి కోడలు లోపలికెళ్ళింది. కిర్రు, కిర్రు. బాబు కెవ్వుమన్నాడు. దాసీలు ఎలాగో నిద్రపుచ్చారు. అప్పుడు సుబ్బులు కూతురు వెళ్ళింది. గలగల. బాబు మళ్ళీ కెవ్వు. మళ్ళీ నిద్రపుచ్చారు.

మూడోది పైడమ్మ. అడుగు వినబడలేదు.

"నీకేం వచ్చు?" అన్నారు రాణిగారు.

పైడమ్మ వంగి దణ్ణం పెట్టింది. నోరు విప్పలేదు.

"నిన్నే! ఏం వచ్చు?"

ఉయ్యాల్లో బాబు కదిలాడు. జవాబు చెబితే బాబు లేస్తాడు, చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. అయినా పైడమ్మ రాణిగారినే చూస్తూ పెదాల మీద వేలు పెట్టింది.

దాసీలు భయంతో కళ్ళు మూసుకున్నారు.

పైడమ్మ ఉయ్యాల తాడు అందుకుని మెల్లగా ఊపింది. బాబు సర్దుకున్నాడు. ఆ తర్వాత రాణిగారి తల కూడా దిండు మీదికి వాలింది. గురక కూడా పెట్టారు. నువ్వెవరితోనూ అనకు.

పొద్దువాలేదాకా ఇద్దరూ లేవలేదు. పైడమ్మ చెయ్యి ఆగలేదు. ఎంత ఓపికో ఆ పిల్లకి!

రాణిగారు లేచి, ఉయ్యాలలోకి తొంగిచూసి, మునివేళ్ళ మీద పైడమ్మ దగ్గరికొచ్చారు.

"ఇక్కడే ఉండిపోతావా అమ్మా?" అని గుసగుసగా అడిగారు.

పైడమ్మ చప్పుడు కాకుండా తలూపింది.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో మనింటి తలుపు తట్టింది.