ఎవరూ కొట్టని చోట

లోవరాజుకి వచ్చిన కష్టమేమిటంటే, అతని తప్పేమీ లేదని తేలిపోయింది.

వర్షాలకు ముందు ముత్యాలరావు గారి పెద్ద బార్జీ బియ్యం బస్తాలు వేసుకుని, లోతు నీళ్లలో లంగరు వేసి ఉన్న ఓడ దగ్గరికి బయలుదేరింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటకుండానే మునిగింది. గాలి లేదు, పెద్ద అల లేదు. ఉన్నట్టుండి ఒక పక్కకి ఒరిగి, బస్తాలతో సహా కిందికి పోయింది. ముగ్గురు మనుషులు పోయారు. ఆ బార్జీ గట్టిగా ఉంది, సముద్రంలోకి పంపవచ్చు అని సర్టిఫికెట్టు రాసి సంతకం పెట్టినవాడు సర్వేయరు లోవరాజు.

మొదట్లో ఉప్పుమొగ జనం అతన్ని నోరారా తిట్టారు. తర్వాత విచారణకు అధికారులు వచ్చారు. లోవరాజు మిషను పెట్టి రేకుల మందం కొలిచిన లెక్కలన్నీ చూశారు. ఒక్కచోట కూడా తేడా లేదు. సర్వేయరు చెయ్యవలసిందంతా చేశాడని రాసి, చేపల పులుసు తిని వెళ్లిపోయారు. ఆ మర్నాటి నుంచి ఊరు మళ్లీ మర్యాదగా పలకరించడం మొదలుపెట్టింది. ఉప్పుమొగకి కోపం కూడా ప్రభుత్వం అనుమతి ఉన్నంతవరకే వస్తుంది.

ముత్యాలరావు గారు స్వయంగా కాజాల పెట్టె పట్టుకుని వచ్చారు.

"మీ మీద మచ్చ లేదు, నా మీదా మచ్చ లేదు. ఇక రెండో బార్జీ సంగతి చూడండి సార్. గట్టు మీదికి లాగించి ఉంచాను," అన్నారు.

పెట్టె అరుగు మీదే ఉండిపోయింది. చీమలకి అలాంటి పట్టింపులు లేవు గనక అవి తిన్నాయి.

లోవరాజు మాత్రం తినడం తగ్గించాడు. శిక్ష వేసి ఉంటే అనుభవించేవాడు. తప్పు చూపించి ఉంటే దాన్ని పట్టుకుని ఏడ్చేవాడు. ముగ్గురు మనుషులు నీళ్లపాలైతే, అందుకు తన చేతిలో చిన్న పొరపాటు కూడా లేదన్నారు. అది అతనికి ఊపిరాడకుండా చేసింది.

పోయిన ముగ్గురిలో పోలిరాజు ఒకడు. అతని తల్లి మంగతాయి రేవు గట్టున చేపలు ఎండబెడుతుంది. ఆవిడ లోవరాజుని ఒక్క మాట అనలేదు. కనిపించినప్పుడల్లా "తిన్నావా బాబూ?" అని మాత్రం అడుగుతుంది. ఆ ప్రశ్న తప్పించుకోవడానికి అతను ఉప్పుమడుల మీదుగా చుట్టు తిరిగి వెళ్లడం నేర్చుకున్నాడు. సర్వేయరు గారు ఆరోగ్యం కోసం నడుస్తున్నారని ఊరు మెచ్చుకుంది.

ఆ రోజు మంగతాయి ఉప్పుమడుల దగ్గరే ఎదురుపడింది.

"తిన్నావా బాబూ?"

"తిన్నానమ్మా."

"మా చిన్నోడు ఏడుకొండలు ఆ రెండో బార్జీ ఎక్కుతానంటన్నాడు. వద్దంటే వినడు. ఇంకేం పనుంది గనక ఇక్కడ?" ఆవిడ బుట్ట నెత్తి మీద సర్దుకుంది. "అదైనా గట్టిదేనా?"

"చూడాలమ్మా. ఇంకా చూడలేదు."

"నువ్వు చూస్తానంటే నాకింకేం బెంగ లేదు బాబూ," అని వెళ్లిపోయింది.

లోవరాజు ఇంటికి పోయి, గోడ మేకుకి వేలాడుతున్న సుత్తిని తీశాడు. తిన్నగా దస్తగిరి గారింటికి నడిచాడు.

దస్తగిరి గారు అతని గురువు. ఒకప్పుడు ఆ తీరంలో ఏ పడవకి, ఏ బార్జీకి సర్టిఫికెట్టు కావాలన్నా ఆయన సుత్తి దెబ్బ తినాల్సిందే. పని మానేసి చాలాకాలమైనా అలవాటు మానలేదు. టీ గ్లాసుని కూడా వేలితో కొట్టి చప్పుడు విన్నాకే తాగుతారు. పక్కింటివాళ్ల గృహప్రవేశానికి వెళ్లి, కొత్త గోడని రెండు తట్లు తట్టి "ఇది ఉండదు" అన్నారు. వానాకాలంలో గోడ పడిపోయింది. అప్పటి నుంచి గృహప్రవేశాలకి ఆయన్ని ఎవరూ పిలవడం లేదు. గోడ పడినందుకు కాదు, ముందే చెప్పినందుకు.

ఆ సుత్తి ఆయనదే. శిష్యుడి చదువు పూర్తయిన రోజు ఇచ్చారు. తర్వాత లోవరాజు మందం కొలిచే మిషను కొనుక్కుని తెచ్చి చూపిస్తే, దాన్ని కూడా వేలితో ఒకసారి తట్టి తిరిగిచ్చారు. సుత్తి మేకుకి ఎక్కింది ఆ రోజే.

లోవరాజు దాన్ని ఆయన మంచం మీద పెట్టాడు.

"ఇది మీ దగ్గరే ఉండనివ్వండి గురువు గారూ. నేను మానేస్తున్నాను."

"మరి ఆ బార్జీ ఎవరు చూస్తారు?"

"ఎవరో ఒకరు చూస్తారు."

"ఆయన్ని నేనెరుగుదును," అన్నారు దస్తగిరి గారు. "ఈ రేవులో సగం బార్జీలు ఆయన చూసినవే."

లోవరాజు గుమ్మంలో కూలబడ్డాడు.

"ఒక్క మాట చెప్పండి. కొలవాల్సిన చోటల్లా కొలిచాను. అనుమానం వచ్చి మళ్లీ కొలిచాను. ఎక్కడా రేకు పలచగా లేదు. మరి ఎందుకు మునిగింది? నా తప్పెక్కడుంది? మీరైనా చెప్పండి."

దస్తగిరి గారు చెప్పులు తొడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, సుత్తి తీసి మళ్లీ అతని చేతిలోనే పెట్టారు.

"పద."

బార్జీ గట్టు మీద, దుంగల మీద కూర్చుని ఉంది. కొత్తగా ఎర్రరంగు వేయించారు. దాని ఒంటి నిండా అరచేతి వెడల్పున గుండ్రటి బిళ్లలు, వరసగా, వెండిలా మెరుస్తున్నాయి. రంగు, తుప్పు గీకేసి రేకు బయటపడేలా చేస్తేనే మిషను సరిగ్గా పలుకుతుంది. ఆ గీకే పని ముత్యాలరావు గారి మనుషులే ముందుగా చేసి ఉంచుతారు. సర్వేయరు గారికి శ్రమ లేకుండా.

మంత్రి గారు ఫలానా వీధిన వస్తున్నారని తెలిస్తే ఆ వీధి కొబ్బరిచెట్లకి మాత్రమే సున్నం కొట్టించిన మనిషి ముత్యాలరావు గారు. ఆయన పరుగున ఎదురొచ్చారు.

"రండి రండి సాయిబు గారూ! ఎన్నాళ్లకెన్నాళ్లకి! కుర్చీ వేయించమంటారా? బిళ్లలన్నీ రెడీగా ఉన్నాయి సార్, చకచకా కొలిచేసుకోండి."

దస్తగిరి గారు భుజం మీది తువ్వాలు తీసి, లోవరాజు కళ్లకు గంతలు కట్టారు.

ముత్యాలరావు గారు నవ్వారు. "దాగుడుమూతలా సాయిబు గారూ, ఈ వయసులో?"

"దాక్కున్నది మేం కాదు కదండీ," అని, దస్తగిరి గారు శిష్యుడి వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశారు.

లోవరాజు చెయ్యి చాపాడు. ఎండకు కాగిన రేకు అరచేతికి తగిలింది. బిళ్ల ఏదో, రంగేదో తెలియలేదు. సుత్తితో కొట్టాడు. ఖంగుమంది. పక్కకి జరిగి కొట్టాడు. అదీ ఖంగుమంది. నడుం వంచాడు. రేకు వంపు తిరిగి అడుగుకి పోయే చోట చెయ్యి జారింది. అక్కడికి అందాలంటే బురదలో మోకాళ్ల మీద కూర్చోవాలి. కూర్చున్నాడు.

కొట్టాడు. ఈసారి ఖంగుమనలేదు. తడిసిన గోనెసంచిని కొట్టినట్టు చప్పుడైంది.

ఇంకొంచెం లోపలికి పాకి మళ్లీ కొట్టాడు. సుత్తి వెనక్కి రాలేదు.

గట్టిగా లాగితే వచ్చింది. దాని వెంబడే చల్లటి నీళ్లు ముంజేతి మీదుగా మోచేతి దాకా కారాయి. బార్జీ కడుపులో ఎప్పటి నుంచో నిలవున్న నీళ్లు. కుళ్లిన బియ్యం వాసన.

ముత్యాలరావు గారు మాట్లాడకుండా ఉండటం ఉప్పుమొగ చూడటం అదే మొదలు. ఆ తర్వాత ఆయన నొచ్చుకున్నట్టుగా అన్నారు:

"అక్కడ మామూలుగా ఎవరూ కొట్టరండీ."

అవును. ఎవరూ కొట్టరు. అక్కడ బిళ్ల ఉండదు.

తువ్వాలు కిందికి జారింది. కన్నం గుప్పెడంత ఉంది. చుట్టూ రేకు అప్పడంలా పెచ్చులు లేచి, పైన ఎర్రరంగు మాత్రం కొత్తగా, చక్కగా ఉంది. లోవరాజు దాన్ని చూస్తూ బురదలోనే ఉండిపోయాడు.

"ముందు మునిగినదానికి కూడా బిళ్లలున్న చోటే కొలిచాను," అన్నాడు.

దస్తగిరి గారు ఊరుకోమనలేదు. భుజం తట్టలేదు.

చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని మంగతాయి ఎప్పుడొచ్చిందో వచ్చి నిలబడి ఉంది. కన్నం వంక చూసింది. అందులోంచి కారుతున్న నీళ్ల వంక చూసింది. తర్వాత లోవరాజు వంక చాలాసేపు చూసింది.

తిన్నావా అని అడగలేదు. బుట్ట సర్దుకుని ఇంటి దారి పట్టింది. ఏడుకొండలుని పేరు పెట్టి గట్టిగా పిలుస్తూ వెళ్లింది.

ఆ కేక దూరమయ్యేదాకా లోవరాజు తలెత్తలేదు. ఆ తర్వాత రెండు చేతులతో సుత్తి పైకెత్తి గురువు ముందు చాపాడు.

"తీసుకోండి. నా వల్ల కాదు."

దస్తగిరి గారు సుత్తి ముట్టుకోలేదు. వంగి, జారిన తువ్వాలుని మళ్లీ అతని కళ్ల మీదికి లాగి, ముడి బిగించారు.

"ఆ పక్క ఇంకా ఉంది," అన్నారు.