ముగింపు లేని పడవ పాట

విజయనగరంలో ఒక ఆడపిల్లల బడిలో సన్యాసిరావు అనే కంప్యూటర్ మాస్టారు ఉండేవాడు. దేన్నైనా విప్పి చూడడంలో ఆయన ఎంత నేర్పరో, విప్పి చూసిందల్లా తనకు పూర్తిగా తెలిసిపోయిందనుకోవడంలో అంతకంటే ఘనుడు. రేడియో విప్పితే రేడియో తెలిసిపోయినట్టే. గోడగడియారం విప్పితే గడియారాల జాతి మొత్తం తెలిసిపోయినట్టే. మళ్ళీ బిగించేటప్పుడు రెండు మరలు మిగిలిపోతే, "ఇవి కంపెనీవాడు దండగకి పెట్టినవి" అని జేబులో వేసుకునేవాడు.

ఆ ఏడాది పిల్లలందరూ ఫోన్లలో 'ఏటిదారి' అనే ఆట ఆడేవారు. కొండల్లో పుట్టిన ఏట్లో చిన్న పడవ వదిలి, రాళ్ళూ సుడులూ తప్పించుకుంటూ సముద్రం వైపు నడిపించాలి. ఆట సంగతి అలా ఉంచండి, అందులో వచ్చే వీణ పాట ఉందే, అది పిల్లల్ని పట్టుకుని వదల్లేదు. ఎనిమిదో తరగతి గౌరీశ్వరి, ఆమె స్నేహితురాళ్ళు ఐదుగురు కలిసి ఆ పాటకు నాట్యం కట్టుకున్నారు. డాన్సు నేర్పే కామేశ్వరి టీచరు చూసి ముచ్చటపడి జిల్లా పోటీకి వాళ్ళ పేర్లు పంపింది. జిల్లాలో గెలిస్తే విశాఖపట్నంలో పెద్ద వేదిక ఎక్కవచ్చు. గౌరికి అన్నం తింటున్నా అదే ధ్యాస, లెక్కలు చేస్తున్నా అదే ధ్యాస.

"ఆట చేసినవాళ్ళే పాటల ఆల్బమ్ కూడా వేశారట మాస్టారూ. అది తెప్పిద్దామా?" అని అడిగింది కామేశ్వరి టీచరు.

సన్యాసిరావు పకపకా నవ్వాడు. "ఆల్బమా? భలేవారండీ! వాళ్ళు బయటికిచ్చినవి పన్నెండే పాటలు. నేను ఆట పొట్ట విప్పి నలభై ఒక్కటి బయటికి లాగాను. వాళ్ళది అమ్మకానికి చేసిన సరుకు. నాది అసలు సరుకు."

"వాళ్ళని అడిగారా మరి?"

"తాళం తీయడం వచ్చినవాణ్ణి, అడగడమెందుకండీ?"

కామేశ్వరి టీచరుకు మనసొప్పలేదు. కానీ కంప్యూటర్ విషయంలో ఆయనతో వాదించడం ఎవరి తరమూ కాదు, ఊరుకుంది.

రెండు నెలలు రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక సాధన సాగింది. పాట మూడు నిమిషాలు. చివర పడవ సముద్రం చేరినట్టు గౌరి రెండు చేతులూ చాచి నిలబడేది, మిగిలినవాళ్ళు అలల్లా ఒదిగి కూర్చునేవారు. సరిగ్గా అప్పుడు సన్యాసిరావు బొటనవేలితో ఫోను మీద టక్కున నొక్కేవాడు. పాట ఆగేది. రెండు నెలల్లో ఒక్కనాడు కూడా ఆయన వేలు తడబడలేదు.

గౌరికి మాత్రం ఒక అనుమానం ఉండేది. అనుమానం వస్తే అడక్కుండా ఉండే పిల్ల కాదు.

"మాస్టారూ, మీరు ఆపకపోతే ఈ పాట ఎక్కడ అయిపోతుంది?"

"నేను ఆపిన చోట అయిపోతుంది."

"అలా కాదండీ. పాట దానంతటది ఎక్కడ అయిపోతుంది?"

"చదువులో లేని తెలివి దీంట్లో ఎందుకే నీకు? వెళ్ళి గజ్జెలు కట్టుకో!" అన్నాడు సన్యాసిరావు. తెలియదు అనే మాట ఆయన నోట పుట్టి ఎరగదు.

పోటీ రోజు వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. నిబంధనలు మైకులో చదివారు. పాటలున్న పెన్‌డ్రైవులు ముందే ఇచ్చెయ్యాలి. మాస్టార్లూ టీచర్లూ జనంలో కూర్చోవాలి. ఎవరి నాట్యమైనా ఐదు నిమిషాలు దాటితే గంట కొడతారు. గంట మోగిందా, ఆ జట్టు పోటీలో లేనట్టే.

గౌరి జట్టు వేదిక ఎక్కింది. వీణ మోగింది. ఆహా, ఏమి ఆడారనుకున్నారు ఆ పిల్లలు! ముందు వరసలో కూర్చున్న న్యాయనిర్ణేత ఒకాయన కలం పక్కన పెట్టి మరీ చూశాడు. మూడు నిమిషాలయ్యాయి. గౌరి చేతులు చాచి నిలబడింది. అలలు ఒదిగాయి. జనంలో కూర్చున్న సన్యాసిరావు బొటనవేలు దానంతటదే తన మోకాలి మీద టక్కున నొక్కింది.

పాట ఆగలేదు.

ఎలా ఆగుతుంది? ఆటలోంచి పాటలు లాగిన ఆయన సాఫ్ట్‌వేర్ ఆ పాటను ఒకదాని వెంట ఒకటిగా రెండుసార్లు రాసి పెట్టింది. సముద్రం చేరిన పడవ మళ్ళీ కొండల్లో మొదలైంది. గౌరి బిక్కమొహం వేసింది. ఇద్దరు పిల్లలు లేచి మళ్ళీ మొదటి అడుగు వేశారు, ఇద్దరు కూర్చునే ఉన్నారు, ఒకమ్మాయి ఎటు తిరగాలో తెలియక గౌరిని ఢీకొంది. హాలులో నవ్వులు మొదలయ్యాయి.

సన్యాసిరావు చటుక్కున లేచాడు. ఒక్క ఉరుకున వెళ్ళి సౌండు పెట్టె దగ్గర కూర్చున్న మనిషి చెయ్యి పట్టుకున్నాడు. "ఆపవయ్యా, పాట అయిపోయింది!"

"అయిపోతే మోగుతాదేటి బాబూ?" అన్నాడు ఆ మనిషి తాపీగా. "పాట అయ్యేవరకూ నేను ముట్టుకోకూడదు. రూలది."

ఐదు నిమిషాలకు గంట మోగింది.

వెనక్కి వచ్చేటప్పుడు సన్యాసిరావు కూడా పిల్లల ఆటోలోనే కూర్చున్నాడు. గౌరి ఏడవలేదు, అదే ఆయనకు మరీ కష్టంగా ఉంది. బడి గేటు దగ్గర దిగి, గజ్జెలు సంచిలో పెట్టుకుంటూ మెల్లగా అడిగింది. "అప్పుడే అడిగాను కదండీ మాస్టారూ, అది ఎక్కడ అయిపోతుందని?"

సన్యాసిరావుకు తల తీసేసినట్టయింది. అన్నీ తెలిసినవాడు అమావాస్య నాడు చచ్చాడంటారు, ఆ సామెత తనకోసమే పుట్టిందనుకున్నాడు. జీవితంలో మొదటిసారి, "నాకు తెలియదమ్మా," అన్నాడు.

ఆ మాట బయటికి రాగానే వింతగా ఆయనకు నిజంగా తెలుసుకోవాలనిపించింది. ఆదివారం పొద్దున్నే ఆ ఆల్బమ్ కొన్నాడు. పడవ పాట పెట్టాడు. ఇదేమిటి! మూడు నిమిషాలు దాటాక వీణ వెనక్కి తిరగలేదు. నెమ్మదించింది, లోతుకు దిగింది, ఒక్క మంద్రస్వరం దగ్గర నిలిచి మెల్లగా మాయమైంది. ఆల్బమ్‌తో వచ్చిన చిన్న పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే ఉంది: 'ఆటలో ఈ పాటకు ముగింపు లేదు. పడవ ఎప్పుడు ఆపాలో ఆడేవాళ్ళ ఇష్టం. ఇక్కడ మాత్రం సముద్రం దగ్గర ఆపాను.' కింద వీణ వాయించి పాట కట్టినావిడ పేరు, సుభద్రమ్మ. ఊరు బొబ్బిలి.

"ఓరి నా తెలివి తగలెయ్య! బస్సెక్కితే పూట ప్రయాణం కూడా లేదు!" అనుకున్నాడు.

మరుసటి ఆదివారం కామేశ్వరి టీచర్నీ గౌరినీ వెంటబెట్టుకుని బొబ్బిలి వెళ్ళాడు. సుభద్రమ్మకు అరవై ఏళ్ళుంటాయి. ఒకే పనస దుంగలో తొలిచిన వీణకు తీగలు బిగిస్తోంది. సన్యాసిరావు జరిగిందంతా దాచకుండా చెప్పి, లాప్‌టాప్‌లో నలభై ఒక్క ముక్కలూ చూపించాడు. "అడగకుండా తీశానమ్మా. తప్పే. కానీ ఒక్కటి చెప్పండి, ఇన్ని ఉండగా పన్నెండే ఎందుకిచ్చారు?"

ఆవిడకు కోపం రాలేదు సరికదా, కళ్ళజోడు సర్దుకుని ఆసక్తిగా దగ్గరికి జరిగింది. "ఇది సుడిగుండం వచ్చినప్పుడు మోగే డప్పు ఒక్కటే నాయనా. ఇది వాన చుక్కలు. ఇది పడవ రాయికి తగిలితే వచ్చే రెండు స్వరాలు. ఆట ఎటు పోతే అటు కలవాలని విడివిడిగా చేశాను. పోపుల పెట్టె నీ చేతిలో ఉంది, నిజమే. పులుసు అయిందా మరి?"

గౌరి ఫక్కున నవ్వింది. కామేశ్వరి టీచరు నవ్వు ఆపుకోలేకపోయింది. సన్యాసిరావు కూడా నవ్వేశాడు.

ఇరవై ఏడో ముక్క దగ్గర సుభద్రమ్మ ఉలిక్కిపడింది. అది చీకటి గుహలోంచి పడవ వెళ్ళేటప్పుడు వచ్చే చిన్న ఆలాపన. "అయ్యో, ఇది ఉందా నీ దగ్గర! నా కంప్యూటర్ పాడైనప్పుడు పోయిందనుకున్నాను. నాకిస్తావా నాయనా?"

"మీది మీకివ్వడానికి నన్నడుగుతారేమిటమ్మా!" అన్నాడు సన్యాసిరావు. తాళం తీసిన తను అడగలేదు, సొంతదారు మాత్రం అడిగింది.

ఆవిడ గౌరిని పక్కన కూర్చోబెట్టుకుని ముగింపు వాయించి చూపించింది. "చేతులు టక్కున చాచకమ్మా. చివరి స్వరం వినబడినంతసేపూ చాస్తూనే ఉండు. సముద్రం ఒక్కసారిగా రాదు."

బడి వార్షికోత్సవానికి ఆల్బమ్‌లోని పాటే పెట్టారు. పెట్టే ముందు సన్యాసిరావు ఆట చేసినవాళ్ళకు ఉత్తరం రాసి అనుమతి తెప్పించాడు. జిల్లా పోటీ మళ్ళీ రాదు, విశాఖ వేదిక ఆ ఏడాదికి పోయినట్టే. అయినా గౌరి ఆ సాయంత్రం ఎలా ఆడిందంటే, చూడ్డానికి వచ్చిన సుభద్రమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చివరి స్వరం మొదలైంది. సన్యాసిరావు బొటనవేలు అలవాటుగా మోకాలి మీదికి లేచింది. మళ్ళీ ఏమనుకున్నాడో, దాన్ని పిడికిట్లో మూసుకుని కూర్చున్నాడు. గౌరి చేతులు చాస్తూ చాస్తూ ఉండగా పాట దానంతటది ఆగింది.

నీతి: ఒక వస్తువును విప్పగలిగినంత మాత్రాన అది మనకు తెలిసినట్టూ కాదు, మనదైనట్టూ కాదు, చేసినవారిని ఒక్క మాట అడిగినవాడికే దాని మొదలూ చివరా తెలుస్తాయి.