తేదీ లేని ఫ్లెక్సీ

“నేను మంచే రాశాను గదా మేస్త్రి గారూ. మరి వీళ్ళకి నా మీద ఇంత కోపం ఎందుకు?”

అలేఖ్య ఈ మాట అడిగింది ఒక మంగళవారం పొద్దున, మా షెడ్డులో, రంగు కాగే బాన పక్కన నిలబడి. అడగ్గానే జవాబు చెప్పే అలవాటు వీరాస్వామి మేస్త్రికి లేదు. ఎవరేమడిగినా చేతిలో ఉన్న చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద ఆన్చి, పైన గుప్పిటితో ఒక్క దెబ్బ వేసి, పక్కకి జరిగి మళ్ళీ ఆన్చుతాడు. ఆ బారు అయ్యేదాకా నోటమ్మట మాట రాదు. ఒక్కోసారి వారం దాకా రాదు. ఆ రోజూ రాలేదు.

అలేఖ్యది హైదరాబాదు. ఫ్యాషన్ కాలేజీలో ఆఖరి సంవత్సరం. బందరు దగ్గర మా ఊళ్ళో మూడు నెలలుండి అచ్చుపని నేర్చుకుంటానని వచ్చింది. పనిదొంగ కాదు. గేదెపాలూ కరక్కాయ నీళ్ళూ కలిపిన బానలో మోచేతుల దాకా ముంచి గుడ్డ తడిపేది, ముక్కు మూసుకోకుండా. మిగతా టైమంతా ఫోను. వారానికోసారి అందులో బట్టల లోకం గురించి మాట్లాడేది. ఏ రంగు వస్తోంది, ఎవరు ఎవరి డిజైను కొట్టేశారు, ఏ ఫ్యాక్టరీ ఎంతమందిని బయటికి తోసింది, అన్నీ. ధైర్యం ఉన్న పిల్ల, అది కాదనను. ఈ సీజన్‌కి మట్టి రంగులు వచ్చాయని ఎవరో పెద్ద డిజైనరు ప్రకటిస్తే, మా షెడ్డులోంచే వీడియో తీసి, ఇక్కడ వీళ్ళ తాతల నాటి నుంచి మట్టి రంగే ఉంది, పోతే గదా రావడానికి అని వాయించింది. ఆ రోజు మేమంతా భలే నవ్వుకున్నాం.

ఆ తర్వాత ఎక్కడో ఒక ర్యాంపు మీద మిషను ప్రింటు చీరలు కట్టించి, చేతిపని అని చెప్పుకున్నారు. అది చూసి ఈ పిల్లకి ఒళ్ళు మండింది. మండాల్సిందే. మాక్కూడా మండింది. ఆ మంటలోనే నాగేంద్రం గారి మీద రాసింది.

నాగేంద్రం గారు మాకు అచ్చులు చెక్కే మనిషి. మా షెడ్డుకి నాలుగు సందుల అవతల ఇల్లు. టేకు దిమ్మ మీద ఉలి పెట్టి, వెంట్రుక మందాన తీగ తీయగలడు. ఆయన మీద వీడియో చేసి, కింద రెండు పేజీలు రాసి, ‘ఆఖరి ఉలి’ అని పేరు పెట్టింది. ఇలాంటి చేతులు ఇక పుట్టవంది. ఈ ఉలి ఆగిన రోజు ఒక యుగం ఆగుతుందంది. వెనకాల ఫ్లూటు. ఎనిమిది లక్షల మంది చూశారు. చూసినవాళ్ళంతా ఏడుపు బొమ్మలు పెట్టారు. ఏడ్చినవాళ్ళలో ఒక్కళ్ళూ మా దగ్గర గజం గుడ్డ కొన్న పాపాన పోలేదు, అది వేరే సంగతి.

ఆ వీడియో తీసిన రోజు నేనక్కడే ఉన్నాను, లైటు పట్టుకుని. నాగేంద్రం గారి పక్కన రెండు పీటల మీద రూతూ రమాదేవీ కూర్చుని చెక్కుతున్నారు. ఏడాదిన్నర నుంచీ నేర్చుకుంటున్నారు. రూతు చేతికి అప్పటికే ఆకులూ మొగ్గలూ లొంగాయి, ఇక నెమలి మిగిలింది. అలేఖ్య ఫోనులోంచి చూసి, చాలా మర్యాదగా, “అక్కా, మీరిద్దరూ ఫ్రేములోకి వస్తున్నారు. కాస్త పక్కకి జరుగుతారా?” అంది. వాళ్ళు పీటలు తీసుకుని గోడవతలికి వెళ్ళి కూర్చున్నారు. అప్పుడు నాక్కూడా ఏమీ అనిపించలేదు.

వీడియో వచ్చిన వారానికి రూతు నాన్న నాగేంద్రం గారి గుమ్మంలో ఆటో ఆపాడు. అరవలేదు. ఫోను తీసి చూపించి, ఆఖరోడివి నువ్వేనంట గదా, మరి నీ తర్వాత మా పిల్ల ఏమవుద్ది అని అడిగి, కూతుర్ని ఎక్కించుకుపోయాడు. ఆ పిల్ల ఇప్పుడు బందరులో చీరల షాపులో నిలబడుతోంది. అక్కడ మడతపెట్టేది ఏ చీరలో తెలుసా? నాగేంద్రం గారి నాన్న చెక్కిన జామపండు చిలక డిజైనే, మిషను మీద కొట్టింది. మరో నాలుగు రోజులకి రమాదేవి మొగుడూ అదే మాటని ఆమెనీ మాన్పించాడు. ఆ తర్వాత ఒక బట్టల కంపెనీ వాళ్ళు కారులో వచ్చి నాగేంద్రం గారికి శాలువా కప్పారు. ఎలాగూ ఇవే ఆఖరివి కాబట్టి, ఉన్న అచ్చులన్నీ స్కాను తీసి భద్రంగా దాస్తామన్నారు. భద్రంగా అంటే ఎక్కడో మాకు తెలుసు. మిషను పొట్టలో. ఆయన సరేననలేదు, కాదనలేదు. వాళ్ళు వెళ్ళాక ఉలులు నూనెగుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టేశాడు. అప్పట్నించీ ఆ ఇంట్లో చెక్క మీద దెబ్బ వినపడలేదు.

ఇదేమీ తెలియక అలేఖ్య స్వీటు డబ్బా పట్టుకుని ఆ ఇంటికెళ్ళింది, ఎనిమిది లక్షల సంగతి చెబుదామని. నాగేంద్రం గారి భార్య ఆదిలక్ష్మి గారు వాకిట్లోనే ఆపింది.

“ఈయనకి యాభై రెండేళ్ళు. మా మావగారు ఎనభై నాలుగేళ్ళ దాకా చెక్కాడు. మిగతా ముప్పై రెండేళ్ళూ నువ్వొచ్చి చెక్కిపెడతావా అమ్మాయ్?”

సందు సందంతా బయటికొచ్చి చూసింది. ఎవరో ఆ డబ్బా అక్కడే పెట్టి పొమ్మన్నారు, ఏడ్చేవాళ్ళకి పంచుతామని. ఆ మర్నాడే అలేఖ్య మేస్త్రిని ఆ ప్రశ్న అడిగింది. తను రాసిన ప్రతి అక్షరం ఆయన్ని పొగడ్డానికేనని, చదవడం రాకపోతే తనేం చేస్తుందని కూడా అంది. మేస్త్రి ఆన్చుతున్న అచ్చు ఒక్క క్షణం ఆగింది. అంతే. మళ్ళీ దెబ్బ పడింది.

సాయంత్రం మేస్త్రి నన్ను పిలిచి ఒక కాయితం చేతిలో పెట్టాడు, బజార్లో ఫ్లెక్సీ కొట్టించుకు రమ్మని. ఫ్లెక్సీ షాపు శేషుకి ఇలాంటివి రోజూ ఉండేవే. మబ్బులూ తామరపువ్వూ రెండు దీపాలూ ముందే వేసి ఉంచుకుంటాడు, ఫొటో అతికించడమే ఆలస్యం. అలేఖ్య ఫొటో ఫోనులోంచి తీసి ఇచ్చాను.

“అయ్యో, చిన్నపిల్ల. ఎప్పుడు పోయింది?” అన్నాడు.

పోలేదన్నాను. మరి తేదీ ఏం వెయ్యమంటావన్నాడు. ఖాళీగా వదిలెయ్యమన్నారని చెప్పాను. నా మొహంలోకి ఒకసారి చూసి, ఇంకేం అడక్కుండా కొట్టిచ్చాడు. చుట్ట చుట్టి చంకలో పెట్టుకొస్తుంటే, దార్లో కాలవలో పారేద్దామా అనిపించింది. కానీ ఆ రూతు పీట గుర్తొచ్చింది. తెచ్చేశాను.

పొద్దున అలేఖ్య వచ్చేసరికి, తను పని చేసే బల్ల మీద అది పరిచి ఉంది, తలుపంత పొడుగున. మబ్బుల మధ్య నవ్వుతున్న తన మొహం. పైన ‘అశ్రునివాళి’. కింద, ఆఖరి ఫ్యాషన్ వ్యాఖ్యాత. ఇలాంటి వేళ్ళు ఇక పుట్టవు. ఈ ఫోను ఆగిన రోజు ఒక యుగం ఆగుతుంది. ఆ కింద తేదీ దగ్గర చుక్కలు.

షెడ్డులో అందరం పని ఆపేశాం. ఆ పిల్ల మొహం తెల్లబడి, మరుక్షణం ఎర్రబడింది. ఇదేం తమాషా అంది. మా అమ్మ చూస్తే గుండె ఆగి చస్తుంది, మీకేమన్నా మతి పోయిందా అంది. మేస్త్రిని ఆ షెడ్డులో ఎవరూ అనని మాటలు ఇంకో రెండు అంది. ఆయన అన్నీ విన్నాడు. చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఫ్లెక్సీ మీదకి వంగి మొదటి నుంచి చివరి దాకా వేలితో చదివాడు.

“అంతా మంచే ఉందమ్మా,” అన్నాడు. “మరి నీకెందుకు ఇంత కోపం?”

ఆ ప్రశ్న తనదేనని అలేఖ్యకి తెలిసినట్టుంది. ఒక్కసారిగా ఆ ఫ్లెక్సీ లాక్కుని రెండు చేతుల్తో చించబోయింది. ఫ్లెక్సీ సంగతి తెలిసిందే, వానకీ ఎండకీ చావదు. ఒక మూల పట్టుకుని లాగింది. పంటితో పట్టింది. కాలికింద అదిమి లాగింది. అది సాగింది గానీ చినగలేదు. మబ్బుల్లో మొహం వంకరపోయి, వదిలితే మళ్ళీ నవ్వింది. చివరికి అలసిపోయి దాన్ని వాటేసుకుని నేల మీద కూలబడింది. ఆ వీడియో తీసేస్తానంది, ఇవాళే ఇంకోటి రాస్తానంది, క్షమాపణ చెబుతూ.

మేస్త్రి అచ్చు చేతిలోకి తీసుకున్నాడు. రంగులో అద్దాడు. గుడ్డ మీద ఆన్చాడు. దెబ్బ వెయ్యబోయి ఆగి, ఆ పిల్ల వైపు చూడకుండానే అన్నాడు.

“చేత్తో చినగదమ్మా అది. ఇరవై రోజుల్నుంచి నాగేంద్రం కూడా తనది చించుకోవాలని చూస్తానే ఉన్నాడు. ఆ ఇంటికెళ్ళి ఉలి అడుగు. కూర్చోడానికి పీటలు కూడా ఖాళీగానే ఉన్నాయి.”