సొంత బుట్టలో పడిన బంతి

ఇక ఈ జన్మలో ఈల పట్టనని అరుంధతి ఒట్టు పెట్టుకుంది. ఆ మాట చెప్పడానికే భీమవరంలో గఫూర్ మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆమెకు బాస్కెట్‌బాల్ రెఫరీ పని నేర్పింది ఆయనే. పక్షవాతం వచ్చాక ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. అయినా రోజూ సాయంత్రం ఖాళీ కోర్టులో కూర్చుంటారు.

తను రెఫరీగా ఉన్న ఆడపిల్లల ఫైనల్లో జరిగిందంతా ఆయనకు చెప్పింది. స్కోరు సమంగా ఉంది. ఆట ముగియబోతుండగా సలోమి అనే పిల్ల, తమ బుట్ట కింద చిక్కిన బంతిని పక్కకు తోసెయ్యబోయింది. అది కాస్తా ఎగిరి ఆ బుట్టలోనే పడింది.

పొరపాటున సొంత బుట్టలో వేస్తే రెండు పాయింట్లు ఎదుటి జట్టుకు పోతాయి. కావాలని వేస్తే మాత్రం అది చెల్లదు, రెఫరీ ఈల ఊది ఆపాలి. కావాలనే వేసిందని చెప్పండి, గట్టెక్కుతామని ఆ పిల్ల కోచే వచ్చి బతిమాలాడు. చెయ్యి జారిందండీ అని సలోమి ఏడ్చింది. అరుంధతి ఆ ఏడుపునే నమ్మింది. పాయింట్లు అవతలివాళ్లకు ఇచ్చింది.

జట్టు ఓడిపోయింది. అమ్ముడుపోయావంటూ తోటి పిల్లలు సలోమిని దూరం పెట్టారు. ఇప్పుడా పిల్ల బడికి రావడం లేదు, ఇంట్లోనూ నోరు విప్పడం లేదట.

"నిజం చెప్పి దాన్ని ముంచేశాను మాస్టారూ. కావాలనే వేసిందని అబద్ధం చెప్పినా అది దొంగ అనిపించుకునేది. ఇదేం రూలు?"

మాస్టారు లేచి బంతి తీసుకుని బుట్ట కిందికి నడిచారు. ఈల నోట్లో పెట్టుకోమన్నారు. ఆ బుట్ట మాస్టారి సొంత జట్టుదే అనుకోమన్నారు. తర్వాత బంతిని ఆమె వైపు విసరబోయినట్టు చెయ్యి ఎత్తారు. బంతి పైకి లేచి, బోర్డుకు తగిలి, బుట్టలో పడింది.

"కావాలని వేశానా, చెయ్యి జారిందా?"

అరుంధతి ఆయన మొహంలోకి చూసింది. ఏమీ దొరకలేదు.

"మీరే చెప్పండి."

"చెబితే నమ్ముతావా?"

కోర్టు మీద చీకటి పడుతోంది. అరుంధతి ఊదడానికి ఊపిరి తీసుకుంది, ఊదలేకపోయింది. ఈల తీసి పిడికిట్లో పట్టుకుని అక్కడే కూలబడింది.

మాస్టారు మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఊదకపోయినా తీర్పు ఇచ్చినట్టేనమ్మా" అన్నారు.