పాట వేళకు కడుపునొప్పి

ఆశ్రమంలో పిల్లలకు తత్వాలు నేర్పే పని ఓబులేసుది. గొంతు మంచిదే, కోపమే ఎప్పుడూ ముక్కు మీద ఉండేది. ఎవరైనా చరణం తప్పితే చాలు, ఆ బిడ్డను లేపి నిలబెట్టి, అందరిచేతా మళ్లీ పల్లవి నుంచి పాడించేవాడు. నిలబడ్డవాళ్ల వంక తక్కినవాళ్లంతా గుర్రుగా చూసేవాళ్లు.

వంటింట్లో పనిచేసే నారాయణమ్మ కూతురు సుంకికి రోజూ పాట వేళకు కడుపునొప్పి వచ్చేది. ఓ మూల ముడుచుకుని పడుకునేది. పాట అయిపోతే లేచి ఆడుకునేది. వైద్యుడు పొట్ట నొక్కి చూశాడు, నాలుక చూశాడు, ఏమీ లేదన్నాడు. ఏమీ లేదనేసరికి తల్లికి ఇంకా భయం పట్టుకుంది. ఏదో పెద్ద రోగమే తన దగ్గర దాస్తున్నారని ఆమెకు కంటిమీద కునుకు లేదు.

"అదంతా దొంగనొప్పి సామీ," అన్నాడు ఓబులేసు, గురువు నాగయ్యస్వామితో. "దాన్ని చూసి తక్కినోళ్లూ చెడిపోతారు. తల్లీబిడ్డల్ని పంపించేయండి."

గడప దగ్గరున్న నారాయణమ్మ గబుక్కున లోపలికి వచ్చింది. ఆశ్రమం వదిలితే వాళ్లకు తలదాచుకునే చోటు లేదు.

"అబద్ధం చెప్పే బిడ్డ కాదు సామీ. నొప్పొస్తే ఒళ్లంతా చెమటలు పడతాయి దానికి," అంది.

"పంపేదీ లేనిదీ రేపు పున్నమి సభ అయినాక చెప్తా," అన్నాడు స్వామి. "ఓబులేసూ, రేపు నువ్వే పాడల్ల. ఒక్కడివే. తప్పితే అందరి ముందరా నిలబడి మళ్లీ మొదటి నుంచి."

పిల్లల ముందు తప్ప, పెద్దల ముందు ఓబులేసు ఎన్నడూ ఒంటరిగా పాడింది లేదు.

మర్నాడు పొద్దున అతను సంగటి ముట్టలేదు. స్వామే ముద్ద తెచ్చి ముందర పెట్టాడు.

"తినప్పా."

"వద్దు సామీ. తెల్లారినప్పటి నుంచీ కడుపు నొస్తాంది."

"ఏం తింటివి?"

"ఏమీ తినలేదు."

"వైద్యుణ్ణి పిలిపించేదా?"

"వద్దు సామీ," అన్నాడు ఓబులేసు తల దించుకుని.

"సరే, సభలో నువ్వు పాడొద్దులే," అన్నాడు స్వామి. "పోయి పిల్లలకు చెప్పిరా."

"ఏమని సామీ?"

"నీకు కడుపు నొస్తాందని. ఎందుకో అదీ చెప్పు."

పిల్లలు పాటకు కూర్చుని ఉన్నారు. ఓబులేసు వెళ్లి వాళ్ల ముందర నిలబడ్డాడు.

"సభలో పాడమన్నారు. తప్పుతానేమోనని భయం. దానికే కడుపు నొస్తాంది నాకు," అన్నాడు.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూలనున్న సుంకి లేచి దగ్గరకు వచ్చింది.

"బొడ్డు చుట్టూతానా అయ్యవారూ?"

"అవునమ్మా."

"నాకూ ఆడనే," అంది సుంకి.