చుక్కలపెట్ట రెండు గిన్నెలు

అనగనగా, మనుషులూ కోళ్ళూ ఒకే భాష మాట్లాడుకునే రోజుల్లో, కొండకీ వాగుకీ మధ్య గౌరాంబ అనే రైతమ్మ ఉండేది. ఆమె ఇంట్లో చుక్కలపెట్ట అని ఒక కోడి. దానికి ఒంటి మీద ఎన్ని చుక్కలో మనసులో అన్ని అనుమానాలు. వాన పడితే, పైనుంచి ఎవరు పోస్తున్నారో కనుక్కోమనే రకం!

పాపం, ఊరికే అలా తయారవలేదు. ఏటేటా అది పొదిగిన పిల్లలు గింజలు తింటూనే చిక్కిపోయి, ఈకలైనా సరిగా రాకుండానే చచ్చిపోయేవి. మరి ఎవరిని నమ్ముతుంది?

గౌరాంబ చేలో రెండు రకాల మొక్కజొన్న ఉండేది. పచ్చరకం బోలెడు కాస్తుంది, తింటే ఒంటికి పట్టదు. కొండరకం పొత్తు పిడికెడే, గింజలో మాత్రం కండపట్టే సత్తువ ఉంది.

మొదటి పంటలో గౌరాంబ పచ్చరకం వరసల్లోకి వెళ్ళి, మొక్కల తలమీది మగపూతను పుటుక్కు పుటుక్కున పీకేసింది.

"అయ్యయ్యో! నిక్షేపంలాంటి చేను తలలు తుంచేస్తున్నావేమమ్మా?" అంది పెట్ట.

"దీని పుప్పొడి దీనిమీదే పడకూడదే. కొండరకం పుప్పొడి వచ్చి పడాలి. అప్పుడు రెండింటి గుణాలూ ఒకే గింజలో చేరతాయి."

"ఆహా," అంది పెట్ట. నమ్మలేదు.

రెండో పంటలో గౌరాంబ లేత పొత్తులకి పీచు బయటికి రాకముందే గుడ్డసంచులు కట్టింది.

"లోపల ఏం దాస్తున్నావు?"

"దాయడానికేముందే! పక్కచేల పుప్పొడి గాలికొచ్చి పడకుండా కట్టాను. నాకు కావలసిన పుప్పొడి నేనే చల్లుతాను."

"ఊఁ," అంది పెట్ట. అప్పుడూ నమ్మలేదు.

మూడో పంట ఇంటికొచ్చేసరికి ఎండలు ముదిరాయి. పురుగూ పుట్రా ఎక్కడా లేవు, కోళ్ళకి గింజలే గతి. ఆ ఏడు పెట్టకి ఒక్క పిల్లే మిగిలాడు. వాణ్ణి 'బంగారూ' అని పిలుచుకునేది. తన తల్లిని అడవిపిల్లి ఎత్తుకుపోతే, ఇంకో పిల్ల వచ్చి పెట్ట రెక్క కింద చేరాడు. వాడికి పేరు పెట్టలేదు. 'వచ్చినోడు' అనేది, అంతే.

గౌరాంబ రెండు గిన్నెల్లో నూక తెచ్చి పెట్టింది. "ఇది పాత గింజ, ఇది కొత్తది. కొత్తది నేను తిన్నాను, మా పిల్లలకీ పెట్టాను. నీ పిల్లలు బతకాలనే నా ఆశ. తల్లివి, ఏది పెడతావో నీ ఇష్టం."

'తిన్నానంటోంది. నేను చూశానా?' అనుకుంది పెట్ట. ఒక్క నూకపలుకు తానే పొడిచి చూస్తే సరిపోయేది. పొడవలేదు. పాత గిన్నె బంగారు ముందుకి నెట్టింది, కొత్త గిన్నె వచ్చినోడి ముందుకి నెట్టింది. 'ఏమన్నా అయితే వాడికే అవుతుంది' అనుకుంది. తల్లే, అయినా అనుకుంది.

ఇక కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది. మొదటి వారం ఏమీ కాలేదు. "విషం నెమ్మదిగా ఎక్కుతుందిలే," అని తనలో తాను గొణుక్కుంది. రెండో వారం వచ్చినోడికి రెక్కల నిండా ఈకలొచ్చాయి. "ఒళ్ళు వాచింది, అంతే," అంది. మూడో వారం వాడు గెంతి కంచె ఎక్కి కూర్చున్నాడు. బంగారు మాత్రం నిలబడలేక తల్లి కాళ్ళ దగ్గరే కూలబడ్డాడు.

వచ్చినోడు కంచె దిగి పెట్ట దగ్గరకొచ్చాడు. "అమ్మా, ఒక మాట అడగనా? నీ కన్నబిడ్డకి కూడా పెట్టకుండా మంచి గిన్నె నాకు పెట్టావు. నేనంటే నీకంత ప్రేమా?"

పెట్టకి తల కొట్టేసినట్టయింది. ఔనని ఒక్క మాటంటే అక్కడితో పోయేది. కానీ ఆ పిల్లాడి కళ్ళలోకి చూస్తూ అబద్ధం ఆడలేకపోయింది.

"కాదురా," అంది. "అది విషమనుకున్నాను. పోతే నువ్వే పోతావనుకున్నాను. అందుకే పెట్టాను."

వచ్చినోడు తన గిన్నెను ముక్కుతో నెట్టుకుంటూ వెళ్ళి బంగారు ముందు పెట్టాడు. "తినరా, మంచిదే. నేను తిన్నానుగా," అన్నాడు.

పెట్ట భోరుమంది. అలా ఏడుస్తూనే ముందుకొచ్చి, ఆ గిన్నెలోంచి తానూ ఒక నూకపలుకు పొడిచి మింగింది.

బంగారు బతికాడు. కాళ్ళు మాత్రం కాస్త పొట్టిగానే ఉండిపోయాయి. వాటిని చూసినప్పుడల్లా పెట్టకి ఆ రెండు గిన్నెలూ గుర్తొచ్చేవి. ఆ తరవాత గౌరాంబ ఏ కొత్త గింజ తెచ్చినా పెట్ట అనుమానంగానే చూసేది, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది! కానీ ముందు తాను తిని, ఒక పూట ఆగి, అప్పుడు పిలిచేది: "బంగారూ, నాయనా, ఇద్దరూ రండి!" వచ్చినోడన్న మాట మళ్ళీ దాని నోట రాలేదు.

కొత్తదాన్ని అనుమానించడం తప్పు కాదు. ఆ అనుమానం తీర్చుకోవడానికి దిక్కులేనివాళ్ళని ముందుకు తోయడం తప్పు, మొదటి గింజ మనమే తినాలి.