నాలుగు బడులు కట్టిన తూము

వెనకటికి పాలవెల్లి రాజ్యాన్ని మారభూపతి అనే రాజు ఏలేవాడు. తాను పెట్టించిన నాలుగు బడులంటే ఆయనకు మహా గర్వం. రాతిపనికొకటి, నీటిపారుదలకొకటి, కొయ్యకొకటి, ఇనుముకొకటి. ఒక బడివాడు ఇంకో బడి గడప తొక్కకూడదు.

"అన్నీ కలిపి చెబితే చదువు పలచబడుతుంది" అనేవాడు రాజు.

ఆ నాలుగు బడులవాళ్ళూ ఏటికి కట్టిన తూము మొదటి వరదకే కూలింది. ఆస్థాన విదూషకుడు ఓబన్న ఒక్కగానొక్క కొడుకు తిప్పన దాని కింద నలిగి చనిపోయాడు. రాతిబడిలో చదివినవాడు. నీళ్ళు ఎంత బలంగా తోస్తాయో అతనికి ఎవరూ చెప్పలేదు.

రాజు విచారణ జరిపాడు. "మా రాయి గట్టిదే" అన్నాడు ఒక గురువు. "మా నీటి లెక్క సరైనదే" అన్నాడు ఇంకొకడు. మిగతా ఇద్దరిదీ అదే పాట. రాజు దైవలిఖితమని తేల్చి, మళ్ళీ అలాగే కట్టమన్నాడు.

మైల తీరాక ఓబన్న కొలువుకు వచ్చాడు. ఓ మూల కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళయ్యా ఈ ఏడుపు మొహం? రేపు సభంతా కడుపుబ్బ నవ్వాలి. లేదా నీకిక్కడ పనిలేదు" అన్నాడు రాజు.

"చిత్తం ప్రభూ" అన్నాడు ఓబన్న.

మర్నాడు నలుగురు హాస్యగాళ్ళను తెచ్చాడు. మొదటివాడు వచ్చి, "ఒక పెళ్ళికొడుకు గాడిదనెక్కి అత్తవారింటికి బయల్దేరాడు" అని వెళ్ళిపోయాడు. రెండోవాడు, "అందుకే ఆవిడ చల్లకుండ బోర్లించింది" అన్నాడు. మూడోవాడు, "మరి నా కత్తో? అన్నాడు మంగలి" అన్నాడు. నాలుగోవాడు ఏమీ చెప్పకుండా పడీపడీ నవ్వి పోయాడు.

సభలో ఒక్క పెదవీ కదల్లేదు.

"ఇదేం కథ? ఒకడి మాట ఇంకొకడు విన్నాడా అసలు?" అని కసిరాడు రాజు.

"లేదు ప్రభూ. ఒకే కథను నాలుగు ముక్కలు చేసి, ఎవరి ముక్క వారికి విడివిడిగా నేర్పాను. ఎవరూ తప్పు చెప్పలేదు."

"ముందూ వెనకా తెలియకుండా చెబితే నవ్వెలా వస్తుందయ్యా?"

"కథ కాబట్టి నవ్వు రాలేదు, అంతే ప్రభూ. అది తూము కాబట్టి నా కొడుకు తిరిగి రాలేదు" అన్నాడు ఓబన్న.

రాజు తల దించుకున్నాడు. నాలుగు బడులనూ ఒకటి చేయమన్నాడు. బరువు, ఒత్తిడి, వేడి, బలం సంగతులు ముందుగా అందరూ కలిసి నేర్వాలి; ఆ తర్వాతే ఎవరి పని వారిది.

వెంటనే పెద్ద గురువు పీఠం నాదంటే నాదని నలుగురు గురువులూ కీచులాడుకున్నారు. రాజు ఓబన్న వంక చూశాడు.

"మిగతా ముగ్గురి పాఠాలూ ముందుగా ఎవరు అప్పజెబితే పీఠం వారికే ఇవ్వండి ప్రభూ. అందాకా నలుగురూ పిల్లల వరసలో కూర్చుంటారు."

గురువుల మొహాలు చూసి రాజు పకపకా నవ్వాడు. తన చేతి కంకణం తీసి ఓబన్నకు తొడిగాడు.

ఇంటికెళ్ళి ఓబన్న జరిగిందంతా భార్య నాగమ్మకు చెప్పాడు. ఆమె కంకణం కేసి చూడనైనా లేదు.

"ఆ బడేదో మన తిప్పడు చదివేనాడే ఉంటే, ఏమయ్యా?" అంది.

ఏ సభలోనూ మాటకు తడుముకోని ఓబన్న కంకణం ఊడదీసి, ఆమె పక్కన చతికిలబడ్డాడు.